బిజినెస్ ఎటికెట్ కన్సల్టెంట్ కావాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వారానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. అడిగేవారు మారుతుంటారు, సందేహాలు మాత్రం అవే. ఉద్యోగం మానేసి, వ్యాపార మర్యాదలు (బిజినెస్ ఎటికెట్) నేర్పే ఈ రంగంలోకి రావాలనుకునే హెచ్ఆర్ ఉద్యోగులు, విమానాల్లోనో హోటళ్లలోనో పనిచేసి ఇంటికి వచ్చినవారు, కళాశాల అధ్యాపకులు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ పనిచేయాలనుకునే గృహిణులు వీరిలో ఎక్కువ. ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## నిర్ణయించుకునే ముందు

ఈ కన్సల్టెంట్ రోజూ చేసే పని ఏమిటి? స్పూను, ఫోర్కు పట్టుకోవడం నేర్పడమేనా?

అదీ ఉంటుంది గానీ చాలా చిన్న వాటా. ఒక కంపెనీ బృందం మొదటిసారి విదేశీ క్లయింటును కలవబోతోంది. నిన్నటిదాకా కోడ్ రాసిన వ్యక్తి ఈ రోజు పదిమందికి మేనేజర్ అయ్యారు. ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర రోగుల బంధువులకు, సిబ్బందికి మధ్య రోజూ మాటా మాటా పెరుగుతోంది. తండ్రి నడిపిన వ్యాపారం కొడుకు చేతికి వచ్చింది, పాత డీలర్లు అలిగారు. ఇలాంటి సందర్భాల్లో మనల్ని పిలుస్తారు.

ముందు వెళ్లి చూడాలి. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారు, మెయిళ్లు ఎలా రాస్తున్నారు, సమావేశంలో ఎవరి మాటను ఎవరు మధ్యలో తుంచేస్తున్నారు అన్నది గమనించాలి. ఆ తర్వాతే పాఠం. నెల రోజులకు మళ్లీ వెళ్లి ఏం మారిందో చూడాలి. ఈ చివరి పని చాలామంది చేయరు. మళ్లీ వెళ్లి చూస్తేనే కన్సల్టెంట్, పాఠం చెప్పి వచ్చేస్తే ఉపన్యాసకులు మాత్రమే.

దీనికి ప్రభుత్వ లైసెన్సు కావాలా? సర్టిఫికెట్ లేకుండా చేస్తే తప్పా?

లైసెన్సు అవసరం లేదు. వైద్యానికి, న్యాయవాద వృత్తికి ఉన్నట్టు ఈ పనికి మన దేశంలో చట్టబద్ధమైన నియంత్రణ మండలి లేదు. సర్టిఫికెట్ లేకుండా పాఠం చెప్పినా చట్టరీత్యా తప్పు కాదు. అలాంటప్పుడు సర్టిఫికెట్ దేనికంటే, రెండు ప్రయోజనాలు. పెద్ద కంపెనీల్లో శిక్షకులను ఎంపిక చేసే విభాగం కాగితం అడుగుతుంది. అంతకన్నా ముఖ్యం, మంచి శిక్షణలో మీ తప్పులను మీ ముఖం మీదే చెప్పేవారు ఉంటారు. సొంతంగా నేర్చుకునేవారికి ఆ అదృష్టం దొరకదు.

నేను తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లిష్ ధారాళంగా రాదు. నాకు కుదురుతుందా?

కుదురుతుంది. మీరు మొదట ఎవరికి చెప్పాలనుకుంటున్నారో తేల్చుకోండి. హైటెక్ సిటీలోని బహుళజాతి సంస్థకు ఇంగ్లిష్‌లో చెప్పక తప్పదు. విజయవాడలో ఆటోమొబైల్ షోరూము, గుంటూరులో ఆసుపత్రి, వరంగల్‌లో సహకార బ్యాంకు, కరీంనగర్‌లో బంగారు నగల దుకాణం అయితే మీ తెలుగే మీ బలం. అక్కడి సిబ్బందికి ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తే తలలూపుతారు, మర్నాటికి ఏదీ గుర్తుండదు. కస్టమర్‌తో ‘కూర్చో’ అనకుండా ‘కూర్చోండి’ అనడం, ‘లేదు’ అని మొహం తిప్పుకోకుండా ‘రేపు వస్తుందండి, నేనే ఫోన్ చేస్తాను’ అనడం తెలుగులోనే నేర్పాలి. ఆ పని చేయగలవారు చాలా తక్కువమంది ఉన్నారు.

అయితే మెయిల్ రాయగలిగినంత, సమావేశంలో ప్రశ్న అడగగలిగినంత ఇంగ్లిష్ మాత్రం సంపాదించుకోండి. కోర్సుల పాఠ్యం దాదాపు అంతా అందులోనే ఉంటుంది.

ఏ డిగ్రీ ఉండాలి? వయసు అడ్డమా?

ప్రత్యేకించి ఏ డిగ్రీ అక్కర్లేదు. చాలా సంస్థలు ఏదైనా డిగ్రీ, కొన్నేళ్ల ఉద్యోగానుభవం అడుగుతాయి. వయసు ఇక్కడ అడ్డం కాదు, ఆసరా. నలభై దాటినవారి మాటకు శిక్షణ గదిలో ఉండే బరువు ఇరవై మూడేళ్లవారికి సులువుగా రాదు. కళాశాల నుంచి నేరుగా వచ్చేవారికి నా సలహా ఒక్కటే: ముందు కనీసం రెండు మూడేళ్లు ఎక్కడైనా ఉద్యోగం చేయండి. బాస్ కోపాన్ని ఎన్నడూ ఎదుర్కోనివారు దాన్ని ఎదుర్కోవడం ఎలాగో చెప్పలేరు.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతులను మన మీద రుద్దడం కాదా?

నేర్పేవారిని బట్టి ఉంటుంది. విదేశీ నియమాల పట్టికను బట్టీ పట్టించేవారు రుద్దుతున్నట్టే. కానీ మర్యాద అన్న మాటకు సంస్కృతంలో హద్దు, పొలిమేర అని అర్థం. ఎదుటివారి హద్దు ఎక్కడుందో కనిపెట్టి అక్కడ ఆగడమే ఈ విద్య. ఆ హద్దు టోక్యోలో ఒకచోట, దుబాయ్‌లో ఒకచోట, రాజమండ్రిలో ఇంకోచోట ఉంటుంది.

మన పంక్తి భోజనాన్నే చూడండి. అందరి విస్తళ్లలో వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద కలపరు. పెద్దవారు మొదలుపెట్టాక మిగతావారు మొదలుపెడతారు. పక్కవారు తింటుండగా లేచిపోవడం తప్పు. ఐరోపా విందులో ఆతిథేయి ఫోర్కు అందుకునేదాకా అతిథులు ఆగడం కూడా ఇదే పద్ధతి. ఈ పోలిక చూపించి మొదలుపెడితే తరగతిలో సగం భయం అక్కడికక్కడే పోతుంది. మనకు తెలియనిది కాదు, తెలిసినదే మరో రూపంలో ఉందని వారికి అర్థమవుతుంది.

## కోర్సు ఎంచుకునేటప్పుడు

కోర్సు పూర్తి చేస్తే ఇచ్చే కాగితం, సర్టిఫికేషన్ ఒకటేనా?

కాదు. ఈ తేడా తెలియక నష్టపోయినవారు చాలామంది ఉన్నారు. మొదటిది మీరు హాజరయ్యారని, మహా అయితే చిన్న పరీక్ష రాశారని చెప్పే కాగితం. రెండోది మీకు ఫలానా సామర్థ్యం ఉందని స్వతంత్రంగా పరీక్షించి ఇచ్చే ధ్రువీకరణ. వ్యక్తులను ధ్రువీకరించే సంస్థలకు ఐఎస్ఓ 17024 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పరీక్ష నిష్పాక్షికంగా ఉండాలి, ధ్రువీకరణకు గడువు ఉండాలి, గడువు తీరాక మళ్లీ అర్హత చూపించుకోవాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు.

మన రంగంలో ‘సర్టిఫైడ్’ అని రాసుకునే చాలా కోర్సులు నిజానికి మొదటి రకానివే. ఆ కోర్సులు పనికిరావని నేను అనడం లేదు. కానీ డబ్బు కట్టేటప్పుడు మీరు కొంటున్నది ఏమిటో మీకు తెలిసి ఉండాలి.

‘ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అని ఎవరైనా చెబితే ఏ గుర్తింపో అడగండి. వృత్తి నైపుణ్య శిక్షణను పర్యవేక్షించే జాతీయ మండలి, ఎన్‌సీవీఈటీ, 2018లో ఏర్పడింది. గుర్తింపు పొందిన అర్హతలన్నీ జాతీయ అర్హతల రిజిస్టరులో ఉంటాయి. ఆ వెబ్‌సైటులో కోర్సు పేరు వెతకండి. కనిపించకపోతే ఆ మాటకు విలువ లేదు. కంపెనీగానో సొసైటీగానో రిజిస్టర్ కావడం వేరు, కోర్సుకు గుర్తింపు ఉండటం వేరు.

విదేశీ సంస్థల్లో చదివితే మంచిదా, మన దేశంలోనా?

విదేశీ సంస్థల్లో పేరున్నవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో డొరోథియా జాన్సన్ 1988లో స్థాపించిన ప్రొటోకాల్ స్కూల్ ఆఫ్ వాషింగ్టన్ కార్పొరేట్ ఎటికెట్, అంతర్జాతీయ ప్రొటోకాల్ (అధికారిక మర్యాదల) శిక్షకులను తయారుచేస్తుంది. అక్కడే మర్యాదలు నేర్పే ఎమిలీ పోస్ట్ ఇన్‌స్టిట్యూట్ 1946 నుంచి ఉంది. రూపురేఖలు, వస్త్రధారణ వైపు మొగ్గు ఉన్నవారికి ఇమేజ్ కన్సల్టెంట్ల అంతర్జాతీయ సంఘం ఏఐసీఐ ఇచ్చే ధ్రువీకరణ మూడు అంచెల్లో ఉంటుంది.

వీటి బలం క్రమశిక్షణ, పేరు. బలహీనత ఏమిటంటే, శాకాహారి అయిన మేనేజరు, ఇంటిపేరు ముందు వచ్చే ఉద్యోగి, బాస్‌ను పేరు పెట్టి పిలవలేక నోరు పెగలని కొత్త ఇంజనీరు ఆ పాఠాల్లో కనిపించరు. మీ క్లయింట్లు విదేశీ రాయబార కార్యాలయాలు, పెద్ద హోటళ్లు, బహుళజాతి సంస్థల ఉన్నతాధికారులు అయితే విదేశీ శిక్షణకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. మిగతావారికి మన దేశంలో మంచి శిక్షకుల దగ్గర నేర్చుకుని, ఆరు నెలలు పనిచేసి, ఆ తర్వాత అవసరమనిపిస్తే విదేశీ కోర్సు వైపు చూడమని చెబుతాను.

రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చాలా?

విషయం తెలుసుకోవడానికి చాలు, మరొకరికి నేర్పడానికి చాలదు. కరచాలనం ఎంత గట్టిగా చేయాలో తెర మీద చూసి తెలుసుకోలేరు. విందు బల్ల దగ్గర మీ మోచేయి పక్కవారికి తగులుతోందని కెమెరా చెప్పదు. కనీసం సగం శిక్షణ మనుషుల మధ్య జరగాలి.

డబ్బు కట్టే ముందు సంస్థను ఏం అడగాలి?

ఫీజు తర్వాత అడగవచ్చు. ముందు అడగవలసింది: నేను ఎన్నిసార్లు తరగతి తీసుకుంటాను, దాన్ని చూసి ఎవరు ఏం చెబుతారు? శిక్షకుల శిక్షణ అని పేరు పెట్టి, మొత్తం కోర్సులో మీతో ఒక్కసారి కూడా పాఠం చెప్పించకపోతే అక్కడ చేరకండి.

తర్వాత, బోధించేవారు ప్రస్తుతం కంపెనీల్లో పనిచేస్తున్నారా అని అడగండి. స్లైడ్లు, పుస్తకాలు కోర్సు తర్వాత మీ తరగతుల్లో వాడుకోవచ్చో లేదో లిఖితపూర్వకంగా తీసుకోండి. అవి సంస్థ కాపీరైటు కిందికి వస్తాయి. అనుమతి లేకుండా వాడితే చిక్కు మీకే. ఏటా పునరుద్ధరణ రుసుము ఉందా, సగంలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. పాత విద్యార్థులు ముగ్గురితో మాట్లాడతానని చెప్పండి. వారి నంబర్లు ఇవ్వడానికి వెనకాడితే మీరూ వెనక్కి తగ్గండి.

కోర్సు అయిన నెలలోనే క్లయింట్లను చూపిస్తామని మాట ఇచ్చే సంస్థలు ఉన్నాయి. నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాంటి మాట నమ్మి, పెళ్లి కోసం దాచుకున్న డబ్బు కట్టింది. కోర్సు అయ్యాక ఆమెకు దక్కింది ఒక వాట్సాప్ గ్రూపు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె కళ్లు నేలకే అతుక్కుపోయాయి. మోసపోయింది తాను, సిగ్గుపడుతున్నదీ తానే. క్లయింట్లను ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తామన్నవారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

సంస్థకూ సంస్థకూ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఒక అంకె చెప్పడం సరికాదు. లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను. మన దేశంలో ప్రైవేటు శిక్షణ ఫీజు మీద మామూలుగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. ప్రకటనలో చూపిన ఫీజులో అది కలిసి ఉందో లేదో చూడండి. విదేశీ కోర్సుకైతే డాలర్లలో ఫీజుతో పాటు వీసా, విమానం, బస కలపండి. వీటన్నిటికీ తోడు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. ఈ చివరి పద్దు మరిచిపోయినవారే మధ్యలో వదిలేస్తున్నారు.

## శిక్షణ జరుగుతున్నప్పుడు

కోర్సులో ఏమేం నేర్పుతారు?

పరిచయాలు, పలకరింపులు, కరచాలనం, విజిటింగ్ కార్డులు, వస్త్రధారణ, మెయిల్, ఫోను, వీడియో సమావేశాలు, సమావేశ గదిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది, విందు మర్యాదలు, దేశదేశాల పద్ధతులు. వీటితో పాటు తరగతి నడిపే విధానం, పాఠ్యప్రణాళిక తయారీ ఉంటాయి. వీటిలో మెయిల్‌ను చాలా కోర్సులు గంటలో ముగిస్తాయి. కంపెనీలు మనల్ని ఎక్కువగా పిలిచేది మాత్రం దానికే. అందరికీ జవాబు వెళ్లే మీట నొక్కి ఒకరి తప్పును వందమందికి చాటడం, కాపీలో పై అధికారిని పెట్టి బెదిరించడం, అర్ధరాత్రి మెయిల్ పంపి ఉదయాన్నే జవాబు ఏదని నిలదీయడం వంటివి కార్యాలయంలో మనుషులను రోజూ గాయపరుస్తాయి. సూపు ఎలా తాగాలన్న దానికన్నా దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

నేను శాకాహారిని, మద్యం ముట్టను. విందు మర్యాదలు నేర్పగలనా?

నిస్సందేహంగా నేర్పగలరు. పళ్లేనికి ఎడమ పక్క రొట్టె, కుడి పక్క నీళ్ల గ్లాసు. కత్తులు, ఫోర్కులు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. నాప్కిన్ ఒళ్లో ఉంచుకోవాలి, మధ్యలో లేవవలసి వస్తే కుర్చీ మీద పెట్టాలి. వీటికి పళ్లెంలో ఏముందన్న దానితో పని లేదు.

మన శిక్షణార్థులకు కావలసింది మరొకటి, కాదని చెప్పే మాట. ఆహ్వానం అంగీకరించేటప్పుడే ‘నేను శాకాహారిని’ అని ఒక వాక్యంలో చెప్పేస్తే వంటవారికీ ఆతిథేయికీ తేలిక. బల్ల దగ్గర చెబితే అందరికీ ఇబ్బంది. మద్యానికి ‘వద్దండి, నాకు నీళ్లు చాలు’ అంటే సరిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు, ఆరోగ్యం బాగాలేదని అబద్ధం ఆడనక్కర్లేదు. శుభాకాంక్షలు చెబుతూ గ్లాసులు ఎత్తేటప్పుడు పళ్ల రసం గ్లాసు ఎత్తవచ్చు. ఆతిథేయిగా ఉన్నవారికి నేర్పవలసింది ఇంకా ముఖ్యం: ఒకరు వద్దన్నాక రెండోసారి అడగకూడదు. ఆప్యాయతగా ‘కొంచెం, కొంచెం’ అని బలవంతపెట్టడం ఇంట్లో చెల్లుతుంది, వ్యాపార విందులో చెల్లదు.

చేత్తో తినడం తప్పని చెప్పాలా?

చెప్పకూడదు. పప్పన్నం, పెరుగన్నం చేత్తో తినేవే. విస్తరి ముందు ఫోర్కు అడగడం ఎంత ఎబ్బెట్టో, స్టేక్ పళ్లెంలో చేయి పెట్టడమూ అంతే. వంటకాన్ని, చోటును బట్టి పద్ధతి. మన చేతి భోజనంలోనూ ఎంత క్రమం ఉందో శిక్షణార్థులకు గుర్తుచేయండి. తినే చేయి ఎంగిలి కాబట్టి గరిటెను ఎడమ చేత్తో పట్టుకుంటాం. విదేశీ అతిథికి ఇది తెలియక కుడి చేత్తో వడ్డించుకోబోతే, లేదా ఎడమ చేత్తో మనకు వస్తువు అందిస్తే నొచ్చుకోకూడదు. అతిథిని హైదరాబాదులో బిర్యానీ భోజనానికి తీసుకువెళ్లే బృందానికి, స్పూను కావాలేమో ముందే అడిగి తెప్పించి పక్కన పెట్టమని నేర్పుతాను. అప్పుడు వాడాలా వద్దా అన్నది అతిథి ఇష్టం.

మన పేర్ల విషయంలో విదేశీ సహోద్యోగులు తికమక పడుతున్నారు. దీన్ని ఎలా నేర్పాలి?

తెలుగువారికి శిక్షణ ఇచ్చేవారు తప్పనిసరిగా సిద్ధం చేసుకోవలసిన పాఠం ఇది. ఏ విదేశీ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఒక గడి. పెట్టిన పేరులో రెండు మూడు మాటలు ఉంటే కంపెనీ కంప్యూటర్ వాటిలో మొదటి మాటను పట్టుకుంటుంది. అలా ఒక్క బృందంలోనే నలుగురు ‘వెంకట’లు, ముగ్గురు ‘సాయి’లు తయారవుతారు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ పిలవని పేరుతో ఆఫీసులో ఇరవై ఏళ్లు బతికేవారు ఉన్నారు. ఇంకొందరిని ఇంటిపేరుతోనే పిలుస్తుంటారు. సరిచేస్తే ఏమనుకుంటారో అని ఊరుకుంటారు.

ఒక శిక్షణ తరగతిలో పరిచయాల అభ్యాసం చేయిస్తున్నాను. ఒకాయన లేచి ఆఫీసు పేరు చెప్పారు. ‘ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?’ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. పక్కన పదకొండేళ్లుగా కూర్చుంటున్న సహోద్యోగి ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆ రోజు సాయంత్రమే ఆయన తన మెయిల్ సంతకం మార్చుకున్నారు.

నేర్పవలసిన పద్ధతి తేలికే. మొదటి పరిచయంలోనే ‘నన్ను ఫలానా పేరుతో పిలవండి’ అని చెప్పడం, మెయిల్ సంతకంలో ఆ పేరు మొదట రాయడం, వీడియో సమావేశంలో తెర మీద అదే పేరు పెట్టుకోవడం. ఎదుటివారి పేరు పలకడం రాకపోతే ఒకసారి అడిగి, రెండుసార్లు పలికి చూసుకోవడం. జపాన్, చైనా, కొరియా దేశాలవారికీ ఇంటిపేరే ముందు. ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో రాసినా ఇంటిపేరునే ముందు రాయాలని జపాన్ 2020 జనవరి నుంచి అమలు చేస్తోంది. మన పద్ధతి వింతేమీ కాదని శిక్షణార్థులకు చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సర్, మేడమ్, గారు: ఆఫీసులో ఏది సరైనది?

కార్యాలయం అలవాటును బట్టి. ప్రభుత్వ కార్యాలయాల్లో, కుటుంబ వ్యాపారాల్లో సర్, మేడమ్, గారు సహజం. అమెరికా కంపెనీల్లో పై అధికారినీ పేరుతోనే పిలుస్తారు. ‘సర్’ అంటే వారే ఇబ్బంది పడతారు. జర్మనీలో డాక్టరేట్ ఉన్నవారిని మొదటి పరిచయంలో ఆ బిరుదుతో పిలవడం మంచిది. పేరు పెట్టి పిలవడానికి మనవారికి నోరు రాకపోవడం పిరికితనం కాదు, పెంపకం. పది సంభాషణలు అభ్యాసం చేయిస్తే అలవాటవుతుంది. తెలుగులో మాత్రం వయసుతో, హోదాతో పని లేకుండా కార్యాలయంలో అందరినీ ‘మీరు’ అనమనే నేర్పుతాను. టీ తెచ్చే అబ్బాయిని కూడా.

ఆడవారితో కరచాలనం చేయవచ్చా?

అంతర్జాతీయ వ్యాపార పద్ధతిలో స్త్రీ పురుష భేదం లేదు, ఎవరైనా చేయి చాపవచ్చు. అయితే గల్ఫ్ దేశాల్లో, మన దగ్గర కూడా, కొందరు స్త్రీలు, కొందరు పురుషులు కరచాలనం ఇష్టపడరు. అక్కడ వారు చేయి చాపేదాకా ఆగడం మేలు. అనుమానంగా ఉంటే నమస్కారం ఉండనే ఉంది.

పరీక్ష కష్టంగా ఉంటుందా?

రాత పరీక్ష కష్టం కాదు. బోధన పరీక్ష కష్టం. పదిహేను, ఇరవై నిమిషాల పాఠం చెప్పమంటారు, మధ్యలో కావాలని అడ్డు ప్రశ్నలు వేస్తారు. తప్పినవారికి చాలా సంస్థలు మరో అవకాశం ఇస్తాయి. ఇంట్లో అద్దం ముందు కాకుండా ఫోనులో చిత్రీకరించుకుని అభ్యాసం చేయండి. చేతులు ఏం చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

## మొదటి క్లయింట్ల కోసం

మొదటి అవకాశం ఎలా దొరుకుతుంది?

మీరు పనిచేసిన రంగం నుంచే. బ్యాంకులో పనిచేసి ఉంటే బ్యాంకులకు, ఆసుపత్రిలో అయితే ఆసుపత్రులకు వెళ్లండి. అక్కడి భాష, అక్కడి బాధ మీకు తెలుసు. ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ నియామకాల ముందు ఇలాంటి తరగతులకు గిరాకీ ఉంటుంది. ఫీజు తక్కువే, కానీ అరవైమందిని అదుపులో ఉంచుతూ చెప్పడం అక్కడ వస్తుంది. ఉచితంగా చేస్తే ఒక్కసారే చేయండి, దానికి బదులుగా వారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

ఫీజు ఎంత అడగాలి?

గంటల లెక్కన కాకుండా మొత్తం పనికి చెప్పండి. ఒక రోజు తరగతికి ముందు కార్యాలయానికి వెళ్లి చూడటం, పాఠం సిద్ధం చేయడం, తర్వాత మళ్లీ వెళ్లడం కలిపితే మూడు నాలుగు రోజుల పని. ఒక రోజు డబ్బు తీసుకుంటే మిగతా రోజులన్నీ మీ జేబులోంచి పోతాయి. తగ్గించమంటే ఫీజు తగ్గించకండి, పని తగ్గించండి. మళ్లీ వెళ్లి చూసే వంతు తీసేస్తానంటే చాలామంది పాత ఫీజుకే ఒప్పుకుంటారు.

జీఎస్టీ, టీడీఎస్ సంగతి ఏమిటి?

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సేవల మీద వార్షిక రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ ఫీజును వృత్తి సేవల కింద చూపితే కంపెనీలు మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తాయి. అది పోయిన డబ్బు కాదు. రిటర్ను దాఖలు చేసినప్పుడు మీ పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. మొదటి సంవత్సరం నుంచే ఒక అకౌంటెంటును పెట్టుకోండి.

కంపెనీ నెలల తరబడి డబ్బు ఇవ్వకపోతే?

సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈల) కోసం 2006లో చేసిన చట్టం ప్రకారం లిఖిత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఇందుకోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చాలాసార్లు అంతదాకా పోనక్కర్లేదు. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు ముద్రిస్తే అకౌంట్స్ విభాగం తానే గుర్తుపెట్టుకుంటుంది.

## పనిలో పడ్డాక

పెద్ద హోదాలో ఉన్నవారు తప్పు చేస్తే ఎలా సరిదిద్దాలి?

అందరి ముందు ఎప్పుడూ వద్దు. నా తొలి రోజుల్లో ఒక విందు అభ్యాసంలో, యాభై అయిదేళ్ల ప్లాంటు అధికారి కత్తిని గుప్పిట్లో పట్టుకున్నారు. ‘అలా కాదండి’ అని ఆయన వేళ్లను నా చేత్తో సర్దాను. నావైపు నుంచి సాయమే. బల్ల చుట్టూ ఆయన కింద పనిచేసే పదిమంది ఉన్నారన్నది నేను చూడలేదు. ఆయన కత్తి, ఫోర్కు నెమ్మదిగా పళ్లెంలో పెట్టేశారు. ఆ తర్వాత ఏమీ తినలేదు. మధ్యాహ్నం తరగతికి రాలేదు. ముప్పై ఏళ్లు యంత్రాలు నడిపిన చేతులు అవి.

ఆ రోజు నుంచి తరగతిలో ఒక్కరి పేరు కూడా ఎత్తి తప్పు చూపను. తప్పు కనిపిస్తే అందరి చేతా ఆ పనిని మళ్లీ ఒకసారి మొదటి నుంచి చేయిస్తాను. అప్పటికీ సర్దుకోకపోతే విరామంలో, పక్కకు పిలిచి, రెండు మాటల్లో చెబుతాను. పై అధికారులకైతే బృందంతో కలపకుండా ముందు రోజే విడిగా ఒక గంట కేటాయిస్తాను. ఎంత తెలిసినా సరే, ఎదుటివారిని చిన్నబుచ్చకుండా చెప్పడం రానివారు ఈ వృత్తికి తగరు. ఈ విషయంలో నేను రాజీపడను.

ఒక జపాన్ బృందం ఎల్లుండి వస్తోంది. రెండు రోజుల్లో ఏం నేర్పగలం?

అన్నీ నేర్పాలని చూడకండి. నాలుగు చాలు. ఒకటి, విజిటింగ్ కార్డును రెండు చేతులతో, అక్షరాలు వారివైపు ఉండేలా అందించాలి. వారి కార్డును రెండు చేతులతో తీసుకుని చదవాలి, సమావేశం అయ్యేదాకా బల్ల మీదే ఉంచాలి. దాని మీద ఏదీ రాయకూడదు, ప్యాంటు వెనక జేబులో పెట్టకూడదు. రెండు, తలుపుకు దూరంగా ఉన్న కుర్చీ వారిలో పెద్దవారికి. మూడు, ఇంటిపేరు చివర ‘సాన్’ చేర్చి పిలవాలి. నాలుగు, సమయం. పది గంటలంటే తొమ్మిది యాభైకే అందరూ గదిలో ఉండాలి. కార్డుల అభ్యాసం రోజుకు ఇరవైసార్లు చేయించండి. అసలు సమావేశంలో చేతులు వణకవు.

ఉద్యోగుల యాస మార్చమని కంపెనీ అడిగితే?

స్పష్టంగా, నిదానంగా మాట్లాడటం నేర్పుతానని చెప్పండి. యాస తుడిచేస్తానని ఒప్పుకోకండి. శ్రీకాకుళం నుంచి వచ్చినవారు, ఆదిలాబాద్ నుంచి వచ్చినవారు తమ మాట తీరుకు సిగ్గుపడేలా చేయడం మన పని కాదు. ఒప్పుకోకపోతే ఆ పని వదులుకోండి. నేను రెండుసార్లు వదులుకున్నాను.

లైంగిక వేధింపుల నిరోధం గురించి కూడా ఇదే తరగతిలో చెప్పమంటున్నారు. చెప్పవచ్చా?

కలపకండి. అది మర్యాద విషయం కాదు, 2013లో వచ్చిన చట్టం. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఉద్యోగులకు అవగాహన కల్పించాలి. దానికి ఆ చట్టం తెలిసిన శిక్షకులు కావాలి. వేధింపును ఎటికెట్ పొరపాటులా చెబితే నేరం తేలికైపోతుంది, బాధితుల నోరు నొక్కినట్టవుతుంది. శిక్షణ మధ్యలో ఎవరైనా అలాంటి అనుభవం మీతో చెబితే, శ్రద్ధగా విని, కమిటీకి ఎలా ఫిర్యాదు చేయాలో మాత్రం చెప్పండి. సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ గడువు వారికి తెలియడం ముఖ్యం.

సర్టిఫికెట్ వచ్చాక ఇంకా చదువుతూ ఉండాలా?

ఉండాలి. వీడియో సమావేశంలో కెమెరా ఆపేయవచ్చా, చాట్‌లో పంపిన సందేశానికి ఎంతసేపట్లో జవాబివ్వాలి, కృత్రిమ మేధతో రాయించిన మెయిల్ కింద మన పేరు పెట్టవచ్చా అన్నవి పదేళ్ల కిందటి పాఠాల్లో లేవు. ఏడాదికి ఒకసారైనా మరొకరి తరగతిలో విద్యార్థిగా కూర్చోండి. నేను ఏటా ఒకసారి మరో శిక్షకురాలిని నా తరగతి వెనక బెంచీలో కూర్చోబెట్టుకుంటాను. సాయంత్రం టీ తాగుతూ ఆమె రాసుకున్న కాగితం చదివి వినిపిస్తుంది. పోయిన ఏడాది అందులో మొదటి వాక్యం, ‘ఎడమవైపు వరుసలో ఉన్నవారిని ఈ రోజంతా మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.’